ఇంట్లో దాచిన మోడల్ రాకెట్ కిట్లు నీళ్ళకు పాడవకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ పిల్లలు స్కూల్లో రాకెట్ క్లబ్బులో చేరారంటే ఇంట్లో మోడల్ రాకెట్ కిట్లు, అంటే ముక్కలు అతికించి కట్టుకుని నిజంగా ఎగరేసే చిన్న రాకెట్ల సామాన్లు, పేరుకోవడం మొదలవుతుంది. పుట్టినరోజుకు ఒకటి, సేల్ పెట్టినప్పుడు మూడు. కట్టేది తక్కువ, దాచేది ఎక్కువ. ఆ దాచే చోటేమో బేస్‌మెంటో గరాజో అయి ఉంటుంది. ఇంట్లోకి నీళ్ళొస్తే ముందు తడిసేవి అవే. మంచి డబ్బా ఏది అని అందరూ అడుగుతారు కానీ, నన్నడిగితే డబ్బా సంగతి తర్వాత, ముందు చోటు చూసుకోవాలి. కింద జవాబులన్నీ దాదాపు ఆ లెక్కలోనే ఉంటాయి.

కిట్ కంపెనీ కవర్‌లో సీల్ చేసే ఉంది కదా, ఇంకా భయమెందుకు?

ఆ కవర్ షాపులో కొక్కేనికి తగిలించడానికి చేసింది, నీళ్ళు ఆపడానికి కాదు. పైన తగిలించే కన్నం ఉంటుంది, అట్ట కలిపిన చోట సందులుంటాయి. గది చెమ్మగా ఉంటే కొన్నాళ్ళకు కవర్ లోపలా అంతే చెమ్మ. నీళ్ళలో మునిగితే మరీ అన్యాయం: లోపలికి పోయిన నీరు బయటికి రాదు, కిట్ ఆ కవర్‌లోనే నానుతూ కూర్చుంటుంది.

ఇంతకీ కిట్‌లో పాడయ్యేవి ఏవి?

ప్లాస్టిక్ ముక్కలు తప్ప దాదాపు అన్నీ. బాడీ ట్యూబ్ అంటే కాగితపు పట్టీలను ఏటవాలుగా చుట్టి జిగురుతో అతికించిన గొట్టం. కొద్దిగా తడిస్తే ఆ చుట్ల అతుకుల వెంట ఉబ్బుతుంది. ఆరాక వేలితో తడిమి చూడండి, మెట్లు మెట్లుగా తగులుతుంది. బాగా నానితే చుట్లే ఊడిపోతాయి. ఫిన్లు, అంటే రాకెట్ తోక దగ్గరి రెక్కలు, బాల్సా అనే తేలిక చెక్క. అది నీళ్ళు ఇట్టే పీలుస్తుంది, ఒక పక్క ముందు ఆరి ఇంకో పక్క తర్వాత ఆరితే వంకర తిరుగుతుంది. వంకర ఫిన్‌తో రాకెట్ తిన్నగా పోదు, గిర్రున తిరుగుతూ ఎత్తు పోగొట్టుకుంటుంది.

మోటార్‌ని (రాకెట్‌ను పైకి నెట్టే మందు గొట్టాన్ని) పట్టి ఉంచే స్టీలు హుక్ తుప్పు పడుతుంది. పారాచూట్ కాలకుండా కింద కుక్కే వాడింగ్ కాగితం చూడటానికి టిష్యూలా ఉన్నా, నిప్పు అంటుకోకుండా మందు పట్టించిన కాగితం అది. తడిస్తే ఆ మందు కొట్టుకుపోతుంది, కాబట్టి తడిసిన వాడింగ్ ఆరినా వాడకూడదు. ప్లాస్టిక్ నోస్ కోన్ (రాకెట్ ముందు మొన), ప్లాస్టిక్ పారాచూట్ మాత్రం కడిగి తుడుచుకుంటే సరి.

సరే, ఎక్కడ పెట్టాలి?

ఇంటి మధ్యలో ఉన్న క్లోజెట్‌లో, పై అరలో. మీరు బతికే గదుల ఏసీ, హీటరు గాలే అక్కడా ఉంటుంది కాబట్టి తేమ పెద్దగా మారదు. బయటి గోడకు ఆనుకున్న క్లోజెట్ అంత మంచిది కాదు. చలికాలంలో ఆ గోడ చల్లబడి, వెనక పెట్టిన సామాన్ల మీద చెమ్మ దిగుతుంది.

చోటు ఎంచుకునే ముందు తల పైకెత్తి చూడండి. వరద అంటే మనకు కింద నుంచి వచ్చే నీళ్ళే గుర్తొస్తాయి కానీ, ఇళ్ళలో సామాన్లు తడిపేవి చాలాసార్లు పైనుంచి వచ్చేవే. పై అంతస్తు బాత్రూమ్, వాషింగ్ మెషీన్ గొట్టం, వాటర్ హీటర్, ఏసీ నీళ్ళు పడే పళ్ళెం. వీటిలో దేని కిందా కిట్లు ఉండకూడదు. వాటర్ హీటర్ ట్యాంకు సాధారణంగా 8 నుంచి 12 ఏళ్ళు వస్తుంది. మీ ఇంట్లోది ఆ వయసుకు చేరితే దాని పక్కనున్న అర ఇవాళే ఖాళీ చేయండి.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు మాకు బేస్‌మెంట్ లేదుగా అని ధీమాగా ఉంటారు. అక్కడ చాలా ఇళ్ళలో ఏసీ యూనిట్టూ కొన్ని నీళ్ళ పైపులూ ఆటిక్‌లోనే, అంటే పైకప్పు కింది అటకలోనే ఉంటాయి. 2021 ఫిబ్రవరి చలికి పైపులు పగిలినప్పుడు ఎన్నో ఇళ్ళలో నీళ్ళు సీలింగ్‌లోంచి దిగాయి. పైగా ఆటిక్‌లో వేసవి వేడి కిట్లకు వేరే శిక్ష: ప్లాస్టిక్ వంగుతుంది, నోస్ కోన్‌ను ట్యూబుకు కట్టి ఉంచే రబ్బరు తాడు, షాక్ కార్డ్, పెళుసెక్కుతుంది.

మాకు బేస్‌మెంట్ తప్ప వేరే చోటు లేదు. ఎలా?

అలాంటి ఇళ్ళే ఎక్కువ. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను శేషం కురిసినప్పుడు, అంతకుముందెప్పుడూ నీళ్ళు రాని బేస్‌మెంట్లు కూడా మునిగాయి. కాబట్టి 'మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు' అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

కిట్లను నేల మీద పెట్టకండి. కింది అర కూడా వద్దు. మెటల్ వైర్ అరల స్టాండ్ కొని, నడుము ఎత్తుకు పైన పెట్టండి, కింది అరల్లో పెయింట్ డబ్బాలు, లాంచ్ ప్యాడ్ లాంటివి సర్దుకోండి. పార్టికిల్ బోర్డుతో చేసిన చవక అరలు తడిస్తే ఉబ్బి కూలిపోతాయి, అప్పుడు ఎత్తులో పెట్టినవీ నీళ్ళలోనే పడతాయి. స్టాండ్‌కీ గోడకీ మధ్య ఒక జానెడు ఖాళీ వదలండి, గాలి ఆడాలి.

సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంటలో చేరిన నీళ్ళను బయటికి తోడే పంపు) ఉంటే వానల కాలానికి ముందు ఒక బకెట్ నీళ్ళు గుంటలో పోసి చూడండి. ఫ్లోట్ లేచి, మోటారు ఆన్ అయి, నీళ్ళు బయటికి పోయి, దానంతటదే ఆగాలి. పెద్ద తుపానుకు కరెంటు పోతుంది, పంపు అవసరమయ్యేదీ అప్పుడే. బ్యాటరీ బ్యాకప్ లేని పంపును నమ్ముకుని పడుకోలేం. నేల మీద పెట్టే చిన్న వాటర్ అలారాలు కూడా కొనుక్కోండి, ఖరీదు ఒక మామూలు కిట్ ఖరీదుకు మించదు. ఒకటి సంప్ దగ్గర, ఒకటి వాటర్ హీటర్ దగ్గర.

ఇంకో మాట. జూలైలో గాలి ఆడాలని బేస్‌మెంట్ కిటికీలు తెరవడం మనకు ఊరి నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ అది బెడిసికొడుతుంది. బయటి వేడి, తేమ గాలి లోపలి చల్లటి గోడలకు తగిలి నీరుగా మారుతుంది. కిటికీలు మూసి, గాలిలోని తేమ లాగే డీహ్యుమిడిఫయర్‌ను 50 శాతం దగ్గర పెట్టండి. ఇంట్లో తేమ 60 శాతం లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉండాలన్నది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే మాట. కిట్లకూ అదే సరిపోతుంది.

అట్టపెట్టెలా, ప్లాస్టిక్ డబ్బాలా?

అట్టపెట్టె వద్దు. అది నేల చెమ్మను పైకి పీలుస్తుంది, సిల్వర్‌ఫిష్ పురుగులకు ఇల్లవుతుంది. మూత చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, నాలుగు వైపులా క్లిప్పులు ఉండే ప్లాస్టిక్ డబ్బా కొనండి. లోపల ఏముందో కనిపించేలా పారదర్శకంగా ఉంటే మేలు. ట్యూబులు 18 అంగుళాల పొడవుండటం మామూలు, కాబట్టి షాపుకు టేపు తీసుకెళ్ళి లోపలి కొలత చూసుకోండి. మూలమూలకు ఏటవాలుగా ఇరికిస్తే ట్యూబ్ చివర నలుగుతుంది.

గ్యాస్కెట్ డబ్బాకు ఒక చిక్కుంది. నీళ్ళను బయట ఆపినట్టే లోపలి చెమ్మను లోపలే ఆపుతుంది. వాన రోజున గరాజ్‌లో కూర్చుని సర్దారంటే ఆ రోజు గాలినే ప్యాక్ చేసినట్టు. ఏసీ నడుస్తున్న గదిలో కిట్లను ఒకట్రెండు రోజులు బయట ఉంచి, తర్వాత మూత పెట్టండి.

గ్యాస్కెట్ ఉన్నంత మాత్రాన నీట మునిగినా ఏం కాదనుకోకండి. వాన చినుకులకు, పైనుంచి కారే నీళ్ళకు అది చాలు. రెండడుగుల నీళ్ళలో డబ్బా తేలి, పక్కకు ఒరిగి, మూత దగ్గర కారవచ్చు.

సిలికా జెల్ ఎంత వేయాలి?

చెప్పుల పెట్టెల్లో వచ్చిన చిన్న పాకెట్లు ఏరి వేస్తే లాభం లేదు, అవి ఎప్పుడో తేమ పీల్చేసి ఉంటాయి. రంగు మారే రకం కొనండి, అందులోనూ ఆరెంజ్ రంగుది. నీలం రంగు దాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో ఎందుకు? 60 లీటర్ల డబ్బాకు 100 నుంచి 200 గ్రాములతో మొదలుపెట్టి, లోపల ఒక చిన్న తేమ మీటరు పడేయండి. అది 50 దాటితే జెల్ మార్చాలి. విడి గింజలైతే ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు గంటలు పెడితే మళ్ళీ పనికొస్తాయి.

నీళ్ళు పీల్చి కింద గిన్నెలోకి కార్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు గదిలో పెట్టుకోండి, కిట్ల డబ్బాలో మాత్రం వద్దు. ఒలికిందంటే ఆ ఉప్పునీరు హుక్కులను తినేస్తుంది.

బియ్యం మూటకట్టి వేస్తే? కలరా ఉండలు?

బియ్యం పీల్చే తేమ అంతంతమాత్రం, పైగా పురుగు పడుతుంది. కలరా ఉండలు ఇంకా ప్రమాదం: నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. నోస్ కోన్లు, స్కేల్ మోడళ్ళ అలంకార భాగాలు కొన్ని ఆ ప్లాస్టిక్‌తోనే చేస్తారు. అమ్మమ్మగారి పట్టుచీరల పెట్టెకు పనికొచ్చిన చిట్కా ఇక్కడ పనికిరాదు.

పచ్చళ్ళ ప్యాకెట్లలాగా వాక్యూమ్ సీల్ చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

వదలదు. గాలి లాగగానే ట్యూబు అప్పడమైపోతుంది, బాల్సా షీట్ల మీద చారలు పడతాయి. కాగితాలు, డెకాల్ షీట్లు (రాకెట్ మీద అతికించే బొమ్మల, అక్షరాల షీట్లు) మాత్రం రెండు గట్టి అట్టల మధ్య పెట్టి మామూలు జిప్ కవర్‌లో వేసుకోండి.

మోటార్లూ అదే డబ్బాలో పెట్టొచ్చా?

వేరుగా పెట్టండి. మామూలు హాబీ మోటార్లు, అంటే ఏ8-3, బి6-4, సి6-5 లాంటివి, బ్లాక్ పౌడర్‌తో చేసినవి. పొటాషియం నైట్రేట్, బొగ్గు, గంధకం దట్టించి, మట్టితో నాజిల్ (మంట బయటికి చిమ్మే మూతి) చేసి, చుట్టూ కాగితపు గొట్టం. నైట్రేట్ నీళ్ళలో కరిగిపోతుంది, మట్టి మెత్తబడుతుంది, కాగితం ఉబ్బుతుంది. చెమ్మ ఒక్కటే కాదు, వేడికీ చలికీ పదే పదే గురైతే లోపలి మందు గొట్టం నుంచి విడివడి పగుళ్ళు పడుతుంది. అలాంటిది వెలిగిస్తే లాంచ్ ప్యాడ్ మీదే పేలిపోవచ్చు. అందుకని ఇంట్లో ఉష్ణోగ్రత నిలకడగా ఉండే చోట, పిల్లలకు అందకుండా, స్టవ్‌కీ హీటర్‌కీ దూరంగా, చిన్న గ్యాస్కెట్ డబ్బాలో పెట్టుకోండి. మోటార్‌ను వెలిగించే స్టార్టర్లు ఇంకో కవర్‌లో. కొన్న నెల, సంవత్సరం డబ్బా మీద రాసుకుంటే పాతవి ముందు వాడుకోవచ్చు.

లాంచ్ కంట్రోలర్‌లో (మీట నొక్కి రాకెట్‌ను ఎగరేసే పెట్టెలో) బ్యాటరీలు వదిలేయకండి. వాటికి నీళ్ళు రావాల్సిన అవసరం కూడా లేదు, వాటంతటవే కారి కాంటాక్టులు పాడుచేస్తాయి.

కొన్ని మోటార్లు తడిశాయి. ఎండలో ఆరబెట్టి వాడొచ్చా?

వద్దు. ఆరినట్టు కనిపిస్తాయి, బరువు కూడా ముందులాగే ఉండొచ్చు, కానీ లోపలి పగుళ్ళు పైకి కనపడవు. హెయిర్ డ్రయ్యర్, ఓవెన్, రేడియేటర్ దగ్గరికైతే అసలు తీసుకెళ్ళకండి. రెండు డజన్ల మోటార్లు పారేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. అయినా పారేయాల్సిందే.

పారేసే పద్ధతి తేలిక. బ్లాక్ పౌడర్ మోటార్లను ఇంటి బయట ఒక బకెట్ నీళ్ళలో ముంచి ఉంచండి. కాగితం విప్పుకుని, లోపలి మందు ముద్దగా రాలిపోయేదాకా నానాలి, రోజులు పట్టినా పట్టనివ్వండి. తర్వాత ఆ తడి ముద్దను చెత్తలో వేయొచ్చు. కత్తితో కోయడం, గోకడం చేయకండి. మోటార్లను ఏ రకంగానూ కెలకకూడదని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల్లోనే ఉంది. పెద్ద రాకెట్లలో వాడే కాంపోజిట్ మోటార్ల మందు రబ్బరులాంటిది, నీళ్ళలో ఇలా కరగదు. వాటి గురించి తయారుచేసిన కంపెనీనే అడగండి.

నీళ్ళు వచ్చేశాయి. ముందు ఏం చేయాలి?

ముందు కరెంటు. ప్లగ్ పాయింట్లు మునిగిన బేస్‌మెంట్‌లో కాలు పెట్టకండి, కిట్ల కోసం అసలు వద్దు. మెయిన్ స్విచ్ నీళ్ళలోకి దిగకుండా అందితేనే ఆపండి, లేదంటే కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి.

తర్వాత అది ఏ నీళ్ళో చూడండి. పగిలిన పైపు నీళ్ళైతే చాలావరకు కాపాడుకోవచ్చు. డ్రైనేజీ ఎదురు తన్నిందా, వీధి నీళ్ళు వచ్చాయా, కాగితం, బాల్సా, అట్ట అన్నీ చెత్తలోకే. సబ్బుతో కడిగి క్రిమిసంహారకం పూసిన ప్లాస్టిక్ మాత్రం మిగుల్చుకోవచ్చు.

మంచినీళ్ళైతే ఫోటోలు తీసుకుని, వెంటనే కవర్లన్నీ కత్తిరించి తెరవండి. బూజు పట్టకుండా ఉండాలంటే 24 నుంచి 48 గంటల్లో ఆరాలి. ముందు కాగితాలు తీయండి, ఎందుకంటే నునుపు కాగితం మీద అచ్చేసిన సూచనల పేజీలు తడిగా ఒకదానికొకటి అతుక్కుని ఆరితే ఇక విడదీయలేం. తర్వాత బాల్సా, ఆ తర్వాత ట్యూబులు. ఒకేసారి అన్నిటికీ చేయి తిరగకపోతే కాగితాలను మైనపు కాగితం మధ్య పెట్టి జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. పాత పత్రాలు కాపాడే లైబ్రరీలవాళ్ళు చేసే పనే ఇది. గడ్డకట్టాక బూజు పెరగదు, తీరిక చూసుకుని కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. ఫ్రీజర్‌లోకి మోటార్లు, స్టార్టర్లు మాత్రం పోకూడదు.

తడిసిన ట్యూబునీ వంగిన బాల్సానీ బాగుచేయొచ్చా?

ట్యూబ్ కొద్దిగా తడిసి ఆకారం చెడకుండా ఉంటే, సరిపోయే నోస్ కోన్‌నో కప్లర్‌నో (రెండు ట్యూబులను కలిపే ముక్కనో) మైనపు కాగితం చుట్టి చివరల్లో దూర్చి, నిలువుగా నిలబెట్టి, ఫ్యాన్ గాలికి నెమ్మదిగా ఆరనివ్వండి. అతుకులు ఉబ్బిపోతే దానిమీద టైమ్ పెట్టకండి. బిటి-20, బిటి-50, బిటి-60 లాంటి ప్రామాణిక సైజుల ట్యూబులు విడిగా దొరుకుతాయి, కొత్తది కొని కొలతకు కోసుకోవడమే సుఖం.

బాల్సా కథ వేరు. వంకర తిరిగిన షీటును మళ్ళీ నీళ్ళతోనే సరిచేయొచ్చు. రెండు వైపులా సమానంగా నీళ్ళు చిలకరించి, మైనపు కాగితం మధ్య పెట్టి, చదునైన గాజు పలక మీద ఉంచి పైన లావు పుస్తకాలు పెట్టండి. ఒక రాత్రి చాలదు, పూర్తిగా ఆరేదాకా తీయకూడదు. ఎండలో మాత్రం వద్దు, పై పక్క ముందు ఆరి మళ్ళీ వంగుతుంది. ఫిన్ ముక్కలు విరిగినా పారేయకండి. టేపు వేసి కలిపి కాగితం మీద ఆకారం గీసుకుంటే అదే మందం బాల్సా షీటులోంచి కొత్తవి కోసుకోవచ్చు. చెక్క నారలు ఏ దిక్కుగా ఉన్నాయో ఆ గీత మీద బాణం గుర్తు వేసుకోవడం మరవకండి. అది తప్పితే ఫిన్ దిగేటప్పుడే విరుగుతుంది.

డెకాల్స్ తడిశాయి...

వాటర్‌స్లైడ్ డెకాల్ తయారైందే నీళ్ళలో ఊడిపోవడానికి. తడిసిన షీటును నిలువుగా ఎత్తారా, బొమ్మలన్నీ కిందికి జారి ఒకదాని మీద ఒకటి ముద్దయిపోతాయి. షీటును పళ్ళెంలాంటి దాని మీద అడ్డంగానే ఉంచి, ముట్టుకోకుండా ఆరనివ్వండి. అదృష్టం బాగుంటే కాగితానికే అతుక్కుని ఆరతాయి. వాడేటప్పుడు ముందు ఒక చిన్న ముక్క మీద ప్రయత్నించండి.

అసలు ఉపాయం నీళ్ళు రాకముందే ఉంది. కిట్ కొన్న రోజునే డెకాల్ షీటు, ఫిన్ నమూనా షీటు, సూచనల కాగితం పక్కన స్కేలు పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేసుకోండి. ట్యూబు దొరుకుతుంది, బాల్సా దొరుకుతుంది, ఉత్పత్తి ఆగిపోయిన కిట్ డెకాల్ దొరకదు. స్కాన్ ఉంటే డెకాల్ పేపర్ మీద ప్రింట్ తీసి, పైన క్లియర్ కోటు కొట్టి వాడుకోవచ్చు. ఈ పేజీలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

కట్టేసి పెయింట్ వేసిన రాకెట్లకు కూడా ఇంత జాగ్రత్త కావాలా?

బయట పెయింట్ ఉంది, లోపల లేదు. ట్యూబ్ లోపలి గోడ, మోటార్ కూర్చునే మౌంట్, దాని రింగులు అన్నీ పచ్చి కాగితమే. మంచుపడ్డ గడ్డిలో దిగిన రాకెట్‌ను అలాగే డబ్బాలో పెట్టకుండా నోస్ కోన్ తీసి ఒక రోజు ఆరనివ్వండి. పారాచూట్‌ను బయటికి తీసి వదులుగా ఉంచండి. మడతపెట్టి నెలల తరబడి వదిలితే ప్లాస్టిక్ అతుక్కుపోయి పైన తెరుచుకోదు. ఎగరేసే రోజు మళ్ళీ మడిచేటప్పుడు కాస్త టాల్కమ్ పౌడర్ చల్లితే చాలు.

1970ల నాటి సీల్ తీయని కిట్ ఉంది. తెరిచి ఆరబెట్టాలా?

తడిసి ఉంటే తెరవాల్సిందే. సీల్ విలువ పొడి కిట్‌కే. బూజు పట్టిన కిట్‌ను కవర్‌తో సహా ఎవరూ కొనరు. పొడిగా ఉంటే తెరవకుండా, వెనక గట్టి అట్ట పెట్టి, పెద్ద జిప్ కవర్‌లో పడుకోబెట్టండి. ఎస్టెస్ కంపెనీ పాత సాటర్న్-5 కిట్ లాంటివి ఉన్నవాళ్ళు వాటిని బేస్‌మెంట్‌లో ఉంచే సాహసం చేయకపోవడమే మంచిది.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

పైపు హఠాత్తుగా పగిలితే మామూలు ఇంటి పాలసీ, అద్దె ఇంటివాళ్ళ రెంటర్స్ పాలసీ సాధారణంగా వర్తిస్తాయి. బయటి వరదకు వర్తించవు. దానికి ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది కాబట్టి తుపాను వార్త విన్నాక కొంటే లాభం లేదు. ఆ పాలసీ కూడా బేస్‌మెంట్‌లోని సొంత సామాన్లలో వాషర్, డ్రయ్యర్, ఫ్రీజర్ లాంటి కొన్నిటికే ఇస్తుంది, బొమ్మలకూ కిట్లకూ ఇవ్వదు. సంప్ పంప్ పొంగినా, డ్రైనేజీ ఎదురు తన్నినా వర్తించాలంటే ఇంటి పాలసీకి వాటర్ బ్యాకప్ అని ఇంకో కవరేజీ కలుపుకోవాలి. ఏది ఉన్నా లేకున్నా, కిట్ల ఫోటోలు, కొన్న బిల్లులు ఫోన్‌లో ఉంచుకోండి.

ఇండియా వెళ్తూ హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడికి రెండు కిట్లు తీసుకెళ్ళాలి. వానాకాలం కదా, అక్కడ పాడవుతాయా?

మోటార్లు తీసుకెళ్ళకండి, విమానంలో చేతి సంచిలోనూ చెక్-ఇన్‌లోనూ రెంటిలోనూ నిషేధం. ఉత్త కిట్ అయితే ఫర్వాలేదు. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే గోడ బీరువా కింది అర వద్దని చెప్పండి, వానాకాలంలో ఆ గోడలు చెమ్మ పడతాయి. గ్యాస్కెట్ డబ్బా, జెల్ పాకెట్ మీరే ఇచ్చి వస్తే ఇంకా మంచిది. విజయవాడ, మచిలీపట్నం వైపైతే తీరపు ఉక్కకు జెల్ త్వరగా రంగు మారుతుంది, నెలకోసారి చూడమనండి.